బిడ్డ చెలక

మా మేనత్త పోయిందని ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసేసరికి నేను మైలార్‌దేవ్‌పల్లిలో మా కిరాయి ఇంటి ముందు బండి తుడుచుకుంటున్నాను. ఆమె దగ్గరికే బయలుదేరుతున్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మని ఇంకొక్కసారి బతిమాలుదామని నా ఉద్దేశం. పొద్దున్నే టీ తాగి, అలా మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదట. తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు దారిలో వచ్చింది. అంతకన్నా ముందు, ఇప్పుడు ఆ చెలక ఎవరిదని నాలో నేనే అనుకున్నాను. అలాంటి సమయంలో అలాంటి ఆలోచన ఎందుకు వచ్చిందో నాకు తెలియదు.

ఆమె గురించి రాయాలంటే ఆ చెలక గురించి రాయక తప్పదు. చెలక అంటే మా వైపు వానల మీద పండే మెట్ట నేల. తొండుపల్లి దగ్గర మా తాతకు కొంత ఉండేది. అందులో ఒక పక్క ముక్కను అత్త పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. ఇచ్చాడంటే రాసి కాదు, నలుగురు పెద్దమనుషుల ముందు నోటితో. మా వైపు ఆడపిల్లలకు అలాగే ఇచ్చేవారు. అప్పటినుంచి ఊరంతా దాన్ని బిడ్డ చెలక అనే పిలుస్తుంది. సర్కారు రాసుకునే పహాణీలో మాత్రం తాత పేరే సాగింది. ఆయన తర్వాత మా నాన్న పేరు, నాన్న పోయాక నా పేరు వచ్చి కూర్చుంది. అలా పంట అత్తది, పట్టా నాది అయ్యాయి.

అత్తకు కొన్ని పద్ధతులుండేవి. పొలం ఎవరిదైనా సరే, దిగేముందు చెప్పులు గట్టు మీద విడిచేది. ఎవరింటికి వెళ్ళినా టీ సగం గ్లాసే పోయమనేది, తర్వాత మిగతా సగం కూడా అడిగి పోయించుకునేది. చలికాలంలో అనపకాయలు తువ్వాలలో మూటకట్టుకుని బస్సులో మా ఇంటికి వచ్చేది. వాటిని వలుస్తూ నా భార్యకు నా చిన్నప్పటి సంగతులన్నీ, నేను చెప్పొద్దన్నవి మొదట, చెప్పేది. నాన్న పోయిన ఏడాది మా ఇంట్లో గింజలు నిండుకోకుండా చూసింది ఆమే. ఆ మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు కాబట్టి నేనిక్కడ చెబుతున్నాను.

ఎయిర్‌పోర్టు వచ్చాక మా చుట్టుపక్కల ఎవరి నోట విన్నా గజాల లెక్కే. నేనూ ఆగలేక బడంగ్‌పేట్ వైపు ఒక ప్లాటు చూశాను. భూమి సంగతి భూమిలో పుట్టినవాళ్ళకే తెలుస్తుందని అత్తను వెంట తీసుకెళ్ళాను. బ్రోకరు బండి సీటు మీద నక్షా పరిచి, లింకు డాక్యుమెంట్లున్నాయి, ఈసీ ఉంది, ఏ అప్పూ తాకట్టూ లేదు, క్లియర్ టైటిల్ అని గడగడా చెప్పుకుపోయాడు. అత్త అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది.

"గా అమ్మినోళ్ళ ఇంట్ల ఆడబిడ్డలెవరు? వాళ్ళకేమిచ్చిండ్రు?"

బ్రోకరు నా వైపు చూశాడు. నేను నక్షా వైపు చూశాను. అత్త ఈలోగా పక్క చేలోకి వెళ్ళి, మంచినీళ్ళడిగి, అక్కడి ముసలమ్మతో కూర్చుండిపోయింది. ఎంతసేపటికో తిరిగొచ్చి, మంచివాళ్ళేనని, జొన్న బాగా పండిందని చెప్పింది. మరి భూమి సంగతేమిటని అడిగితే, అదే చెబుతున్నాను కదా అని కసురుకుంది. నాకు ఎటూ తేలక ఆ ప్లాటు కొనలేదు. అక్కడ ఇప్పుడెవరో మేడ కట్టుకుని హాయిగా ఉన్నారు. ఆమె కొనమన్నదో వద్దన్నదో నాకీనాటికీ తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాఠం మొదలుపెట్టింది. పట్టా భూమి అంటే పేరు మీద ఉన్నది, అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. అసైన్డ్ అంటే పేదవాళ్ళకు సర్కారు ఇచ్చింది, "సాదుకునే బిడ్డ లెక్క, పెంచుకోవాలె, అమ్ముకోవద్దు" అంది. నవాబుల కాలంలో బహుమానంగా ఇచ్చిన ఇనాం భూమికి వారసులెందరో లెక్క తేలదు కాబట్టి జోలికి పోవద్దంది. చెరువులో మునిగే శిఖం నేల ఎండాకాలం మనదిలాగే కనబడుతుంది, వానాకాలం చెరువుదే అంది. ఇవన్నీ తలకెక్కించుకుని, మరి నీ చెలక ఇందులో ఏ రకం అత్తా అని అడిగాను.

"నాది నాదే" అంది.

స్థలం కొనబోతూ మీరెవరైనా ఇది చదువుతుంటే, నా దగ్గర ఇంతకు మించి స్పష్టత లేదు. మన్నించాలి.

అత్త మెట్టినింటివాళ్ళ భూమి ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఆమెకు నేల అని మిగిలింది బిడ్డ చెలక ఒక్కటే. దానికీ ఒక రోజు గిరాకీ వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, చాలా మర్యాదస్తుడు, కాగితాలన్నీ ముందే తీయించుకుని వచ్చాడు. "మీది చాలా క్లియర్ టైటిల్ అండి. ఇంత శుభ్రమైన కాగితాలు ఈ చుట్టుపక్కల నేను చూడలేదు" అన్నాడు. అప్పుడు అత్త కంది సాళ్ళలో వంగి కలుపు తీస్తోంది. ఆమె కూలి మనిషా అని అడిగాడు. కాదండీ, ఓనరు అన్నాను. ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఆమెను చూశాడు. ఆయన్ను ఏమనడానికీ లేదు. కొనేముందు చూడవలసినవన్నీ చూసుకున్నాడు పాపం. అమ్మేది లేదని చెప్పి పంపించాను. వెళ్ళేటప్పుడు అత్త ఆయన చేతిలో గుప్పెడు పచ్చి కందికాయలు పోసింది.

ఆ రోజు నాకు నిజంగా భయం పట్టుకుంది. రేపు నేను లేకపోతే నా పిల్లలకు కాగితమే కనబడుతుంది, నోటిమాట కనబడదు. గిఫ్ట్ డీడ్ రాసిస్తాను, ఒక్కసారి ఆఫీసుకు రా అత్తా అని వెంటపడ్డాను. ఒకసారి మోకాళ్ళ నొప్పులంది, ఒకసారి కోతలంది. గట్టిగా నిలదీస్తే అసలు మాట బయటపడింది.

"మా నాయిన ఇచ్చిననాడు నువ్వు పుట్టనే పుట్టలే. ఇప్పుడు నువ్వు ఇచ్చుడేంది అల్లుడా? మల్ల ఇస్తివంటే, ఇన్నొద్దులు నాది కానట్టే గదా."

ఇది ఉత్త కాగితం కోసమే అన్నాను. కాగితమే కావాలంటే నువ్వే ఉంచుకో అని నవ్వేసింది. నా భార్య అత్తదే న్యాయమంది. బావ నాదే న్యాయమన్నాడు, కాని ఆ ముక్క తల్లి ముందు అనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఇచ్చేవాడికి తొందర, పుచ్చుకునేవాళ్ళకు కోపం. ఇలాంటి తగాదా ఏ కోర్టుకైనా వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

ఆమె పోయిన ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి వాకిలంతా జనం. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. ఆమెకు పుట్టిల్లంటూ మిగిలింది నేనొక్కణ్ణే. దారిలో శంషాబాద్‌లో దుకాణం తెరిపించి, ఆమెకు ఏ రంగు ఇష్టమో తెలియక చాలాసేపు తికమకపడి, ఆకుపచ్చది తీసుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగి ఉండవచ్చు.

మావాళ్ళలో ఎవరి పొలంలో వాళ్ళను మట్టి చేస్తారు. ఆమె మెట్టినింటి నేల ఎయిర్‌పోర్టు గోడ లోపలికి పోయింది కాబట్టి ఆమెను ఎక్కడికి తీసుకెళ్ళాలో అందరికీ తెలుసు. అడగవలసిన పని లేదనే అందరం చెలక దగ్గరికి నడిచాం. గట్టు దగ్గర ఊరి పెద్దమనిషి ఒకాయన, అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనే మనిషి, పాడె మోసేవాళ్ళను ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"పట్టాదారువు నువ్వు. నీ భూమిల మట్టి చేయనీకె నీ నోటి నుంచి ఒక మాట రావాలె" అన్నాడు.

బావ తలవంచుకున్నాడు. సరే అనడానికి నోరు తెరిచాను. తెరిచాక భయమేసింది. సరే అంటే నేను ఇచ్చినట్టు. బతికుండగా ఆమె ఒప్పుకోనిది అదొక్కటే. వద్దు అనే మాట ఎలాగూ లేదు. పట్టా, పహాణీ, ఆమె చెప్పిన రకాలన్నీ తలలో కలగాపులగమైపోయాయి. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"నేను పుట్టింటి చీర తెచ్చినోణ్ణి పెద్దయ్యా. భూమి మాట భూమి గలోళ్ళనడుగుండ్రి" అన్నాను.

ఆయన నన్నొకసారి పరీక్షగా చూసి, మెల్లగా బావ వైపు తిరిగాడు. బావ తల ఊపి, ఒక్కడే చెలకలోకి దిగాడు. కంది సాళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతూ తల్లికి చోటు చూస్తున్నాడు. పాడె మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. నేను చీర పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాను, బావ రమ్మని పిలిచేదాకా.