రెండోసారి అడగాల్సిన ప్రశ్నలు

ఎవరో మన గురించే మాట్లాడుకుంటున్నారనిపించడం, గదిలో ఎవరూ లేకున్నా ఉన్నట్టు తోచడం, మనుషులతో కలవలేకపోవడం. ఇలాంటివి కొందరి స్వభావంలో కాస్త ఎక్కువగా ఉంటాయి. స్కిజోటైపల్ లక్షణాలంటారు. వాటిని కొలిచే ప్రశ్నలను ఏడాదిన్నర కూర్చుని తెలుగు చేశాను. అవి తెలుగులో నిలుస్తాయో లేదో తేల్చడమే నా పీహెచ్‌డీ.

ఒకసారి అడిగిన వాళ్లనే రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. జవాబులు దాదాపు అవే రావాలి. రాకపోతే ప్రశ్న వాళ్లకు సరిగ్గా అర్థం కాలేదన్నమాట.

నాచారంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడవాళ్లను మొదటిసారి నేనే అడిగాను. రెండోసారికి టైఫాయిడ్‌తో మంచాన పడ్డాను. హబ్సిగూడ హాస్టల్లో నాలుగేళ్లుగా నాతో ఒకే గదిలో ఉంటున్న అమ్మాయి, "నువ్వు పండుకో అక్కా, నేనున్న గదా. నేను వొయ్యి రాపిచ్చుకొస్త" అంటూ కొత్త కాగితాల కట్ట తీసుకుంది. సొంత చెల్లెలైనా ఇంత చేయదనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

తీరా చూస్తే జవాబులు కలవలేదు. "లోపం నీ తెలుగులోనే ఉందమ్మా" అన్నారు మా గైడ్ మేడం. కోస్తా నుంచి వచ్చిన నా భాష ఇక్కడివాళ్లకు ఎక్కట్లేదేమోనని నెల రోజులు వాక్యాలు తిరగరాశాను. ప్రతి మాటా ఆ అమ్మాయినే అడిగాను. "గీ మాట జర కష్టమే అక్కా, గిట్ల రాయి" అంటూ ఓపిగ్గా దిద్దింది. మధ్యలో టీ కూడా తెచ్చిచ్చింది, మహాతల్లి.

ఒక మధ్యాహ్నం పాత కట్ట, కొత్త కట్ట పక్కపక్కన పెట్టుకున్నాను. పాతదాంట్లో మూడో ప్రశ్నకు అవునంటే కొత్తదాంట్లోనూ మూడోదానికి అవును. ఏడుకు కాదంటే ఏడుకు కాదు. ఏ కాగితం తీసినా అదే తీరు. కానీ జనం పాత జవాబులే గుర్తుపెట్టుకుని చెప్పకూడదని రెండోసారికి ప్రశ్నల వరస మార్చి, ఉప్పల్‌లో జిరాక్స్ తీయించాను. కొత్తదాంట్లో మూడోది అసలు వేరే ప్రశ్న. ఆ సంగతి ఆమెకు చెప్పడం మర్చిపోయాను. ప్రశ్నలు చదవకుండా, నా అరలోని పాత కాగితాలు చూసి టిక్కులు ఎత్తి రాసేసింది. నాచారంలో అడుగే పెట్టలేదు.

నిలదీస్తే ముందు బుకాయించింది. తర్వాత, "జరంల పరేషాన్ అయితున్నవని జేసిన. నీకు గావాల్సింది నంబర్లే గదా" అంది. నంబర్లు పోతే పోనీ. నా భాషను నేనే తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని దిద్దిందే, అది ఎలా మింగుడుపడుతుంది? ఒళ్లు మండి కాగితాలన్నీ ఆమె మంచం మీదకు విసిరికొట్టాను.

మర్నాడు నేనే నాచారం వెళ్లాను. భోజనాల వేళ ఫ్యాక్టరీ గేటు బయట డబ్బా కడుక్కుంటున్న ఒక పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. పోయిన భర్త పొద్దున్నే పేరు పెట్టి పిలుస్తాడని, తానూ పలుకుతానని, ఎవరికీ చెప్పని మాట మొదటిసారి నాకు చెప్పింది ఆమే. ఇది పిచ్చి కాదని, రెండు వారాలకు మళ్లీ వస్తానని అప్పుడు చేయి పట్టుకుని మాటిచ్చాను.

"మల్లొస్తనంటివి గద బిడ్డా" అంది. "మస్తు ఎదురుసూసిన. రాకపోతివి. నాది పిచ్చే అని తేలిందేమో, అందుకే రాలేదనుకున్న. అప్పట్నించి ఆయన పిలిస్తే పలుకుతలేను."