పైకప్పు కోసిన వ్యాన్: మెట్టుగూడ నుంచి యాప్రాల్ మీదుగా మళ్ళీ రోడ్డు మీదికి

మా ఆవిడ సత్తెమ్మకు రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తుకోలేదు. కోడలు తాను ఎత్తుకుంటానంటే, "నా మొక్కు నా నెత్తి మీదనే పోవాలె" అంటుంది. మొండి మనిషి. ఇన్నేళ్ళుగా నాతో కాపురం చేస్తోందంటే ఎంత మొండిదో మీరే ఊహించుకోండి. ఈసారి ఎలాగైనా ఆమె బోనం గుడి చేరాలని నేనొక ఉపాయం పన్నాను. మల్కాజ్‌గిరిలోని మా ఇంటి నుంచి సికింద్రాబాద్‌లో ఆమె పుట్టింటి బస్తీలో ఉన్న గుడి దాకా ఆమె కూర్చునే వెళ్ళాలి. అన్నం కుండ, దాని మీద వెలిగే దీపం మాత్రం నెత్తి మీదే ఉండాలి. మా పాత వ్యాన్‌లో కూర్చుంటే నెత్తి మీద కుండకు చోటు లేదు. అందుకని వెనక సీటు పైన రేకును గుండ్రంగా కోసి, అంచుకు రబ్బరు బిగించాను. మనిషి లోపల, బోనం బయట. టెంట్‌హౌస్ నడిపినవాణ్ణి, రేకు కోయడం నాకో లెక్కా అనుకున్నాను.

బోనాల ఆదివారానికి ముందు బుధవారం నాడు, సత్తెమ్మకు తెలియకుండా ట్రయల్ వేశాం. ఆమె తమ్ముడు యాదగిరిని వెనక సీట్లో కూర్చోబెట్టి, నెత్తి మీద నీళ్ళ బిందె పెట్టి, బిందెను కప్పులోంచి బయటికి తీశాను. మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చూపించాడు. నేను బ్రేక్ వేశాను. బిందెలో నీళ్ళన్నీ ముందు అద్దం మీదుగా జారి అతని బూట్ల దాకా వెళ్ళాయి.

"ఏందీ తాతా ఇది?" అన్నాడు.

"బోనం ట్రయల్ సారూ. ఆదివారం నీళ్ళు గాదు, అన్నం ఉంటది."

అతను నవ్వాడు. నవ్వుతూనే ఆర్‌సీ తీసుకున్నాడు, బండిని స్టేషన్‌కు పంపించాడు. లోపల యాదగిరి మాత్రం, "బావా, బిందె లోపటికి వస్తలేదు" అని ఒకటే గోల. వాణ్ణి, బిందెను విడదీయడానికి ఇంకో కానిస్టేబుల్ కావాల్సి వచ్చింది.

మర్నాడు గురువారం పొద్దున్నే మల్కాజ్‌గిరి స్టేషన్‌లో లోకల్ రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. టికెట్ చిల్లర డబ్బులతో అయిపోతుంది గానీ రైళ్ళు తక్కువ, టైము చూసుకుని బయల్దేరండి. అక్కడి నుంచి ట్రాఫిక్ స్టేషన్‌కు షేర్ ఆటో. చేతిలో లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, ఆధార్, అన్నిటికీ రెండేసి జిరాక్స్‌లు. ఇవి లేకుండా వెళితే ఇంకోసారి రైలెక్కాల్సిందే.

ఎస్సై మేడమ్ మా కోడలి వయసుంటుంది. నేను సత్తెమ్మ మొక్కు సంగతి చెప్పి, నా వాదన వినిపించాను. "పెద్ద పెద్ద కార్లకు పైన అద్దం కిటికీ ఉంటది గద మేడమ్. పోరగాండ్లు తలకాయలు బయట పెట్టి ఊరేగుతుంటరు. వాళ్ళది షోకు, నాది కేసా?"

ఆమె టీ కప్పు పక్కన పెట్టింది. "తలకాయ బయట పెట్టినోళ్ళ మీద సుత కేసు రాస్తం తాతా. కంపెనీ వాళ్ళు కప్పుకు బలం పెట్టి, పరీక్ష చేసి అమ్ముతరు. మీరు బలమున్న కాడనే కోసిన్రు. బండి బోర్ల పడ్డదనుకో, మనిషిని కాపాడేది ఆ కప్పే. అండ్ల అవ్వ కూసుంటది. పైన దీపం, కింద పెట్రోలు. జెర ఆలోచించున్రి."

బండి కోసేటప్పుడు కుండ కొలత తీసుకున్నాను, దీపం ఎత్తు కొలిచాను. బోర్లా పడడం అనే మాట నా బుర్రలోకి రానేలేదు.

ఏం చేయాలో ఆమే విడమరిచి చెప్పింది. జరిమానా కట్టాలి. బండిని మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినట్టే చేయిస్తానని రాసివ్వాలి. అప్పుడు షెడ్డుకు తీసుకుపోనిస్తారు, కానీ నడపకూడదు, ట్రాలీ మీదే తీసుకెళ్ళాలి. బాగయ్యాక ఆర్టీఏ ఇన్‌స్పెక్టర్ చూసి కాగితం ఇస్తాడు. ఆ కాగితం తెచ్చి చూపిస్తే ఆర్‌సీ చేతికొస్తుంది. నా చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది కాబట్టి, రాసిచ్చేదాన్ని నిన్నటి కానిస్టేబులే చదివి వినిపించాడు. అతని బూట్లు ఇంకా ఆరలేదు. జరిమానా ఎంతో ఇక్కడ రాయను, ఇది సత్తెమ్మకు చదివి వినిపించేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు.

యాప్రాల్ దాకా ట్రాలీకి రెండు వేలు అడిగారు, బేరమాడితే పదిహేను వందలకు దిగారు. డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్ళాను. దారిలో మిలిటరీ వాళ్ళ గేటు దగ్గర జవాను బండెక్కి కంతలోంచి లోపలికి తొంగి చూసి, నన్ను చూసి, ఏమీ అడగకుండానే పోనిచ్చాడు. దేశాన్ని కాపాడేవాళ్ళకు ఎక్కడ మాట్లాడకూడదో తెలుసు.

యాప్రాల్‌లో అన్వర్ భాయ్‌కి వెల్డింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. మా టెంట్‌హౌస్ ఇనుప గుంజలన్నీ అతను అతికినవే. వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరు కోసిన్రు నర్సన్నా?" అన్నాడు.

"పని ఎట్లుంది చెప్పు ముందు."

"గుండ్రం మస్తుంది. తెలివి జెర తక్కువుంది."

అతుకు వేస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడని, అదే మోడల్ బండి పైకప్పు పాత సామాన్ల దుకాణం నుంచి తెప్పించాడు. దొరికింది ఎర్రది. మా బండి తెలుపు. ఆర్‌సీలో ఏ రంగు రాసి ఉంటే ఆ రంగే ఉండాలట. కప్పు అతకడం సాయంత్రానికి అయిపోతుంది, రంగు ఆరడానికి మాత్రం ఎండ కావాలన్నాడు. పైన చూస్తే ఆషాఢం మబ్బు. శనివారం ఆఫీసుకు సెలవు, శుక్రవారం ఆర్టీఏలో చూపించకపోతే ఆదివారం బండి లేనట్టే.

మధ్యాహ్నం సత్తెమ్మ ఆటోలో దిగింది, చేతిలో టిఫిన్ డబ్బా. యాదగిరి కడుపులో మాట ఆగదు, నేను షెడ్డుకు వచ్చానని ఫోన్‌లో చెప్పగానే అక్కకు అంతా చెప్పేశాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, అన్వర్ విప్పి పక్కన పెట్టిన పాత కప్పును, దాని మధ్యలో నా గుండ్రాన్ని చాలాసేపు చూసింది.

"గీ బొక్కలకెళ్ళి నన్ను ఊరేగిస్తనని ఎవలను అడిగినవ్?"

"మరి మల్కాజ్‌గిరి నుంచి గుడిదాక నడిచి పోతవా?"

"నడిచే పోత. మల్కాజ్‌గిరి కెళ్ళి ఎందుకు, మా తమ్మునింట్ల బోనం వండుకుంట. ఆడికెళ్ళి గుడికి ఒక్కటే గల్లీ. నువ్వు పొద్దుగాల చాయ్ హోటల్ల కూసొని ఊరోళ్ళను ఆడిపోసుకుంటుంటవ్ సూడు, అప్పుడు నేను మిద్దె మీద నీళ్ళ బిందె నెత్తికెత్తుకొని నడుస్తున్న. ఉగాది కాడికెళ్ళి."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే మిద్దె సుత కోస్తవని."

అన్వర్ వెల్డింగ్ అద్దాలు తీసి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నాకు పప్పు వడ్డిస్తూ అసలు సంగతి చెప్పింది. బోనం దించాక మోకాళ్ళు పట్టేస్తాయి, కాలు మడవరాదు. ఆటోలో కాలు చాపుకోవడానికి ఉండదు, వ్యాన్ వెనక సీటులో అయితే చాపుకుని ఇల్లు చేరొచ్చు. "బండి ఉంటేనే ఎత్తుకుంట. లేకుంటె ఈసారి కోడలే ఎత్తుకుంటది, ఇగ ఏం జేస్త" అంది. ఆమె నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

సాయంత్రం అన్వర్ తెల్లరంగు కొట్టేసరికి వాన మొదలైంది. అప్పటికి షెడ్డు చేరిన యాదగిరి మా పాత టెంట్‌హౌస్‌కు పరిగెత్తి, పెళ్ళిళ్ళలో వాడే ఫోకస్ లైట్లు నాలుగు తెచ్చి, వాటి వేడికి రంగు ఆరాలని నాలుగు వైపులా పెట్టాడు. షెడ్డులో వ్యాన్ పెళ్ళికూతురులా వెలిగిపోయింది. ఎదురింటి ముసలాయన వచ్చి భోజనాలు ఎప్పుడని అడిగాడు. రేపు ఆర్టీఏ ఆఫీసు దగ్గరని చెప్పి పంపాను.

శుక్రవారం పొద్దున మళ్ళీ ట్రాలీ ఎక్కించి, లోతుకుంట మీదుగా తిరుమలగిరి వైపు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ పొద్దునపూటే మైదానంలో బండ్లు చూస్తాడు, తర్వాత దొరకడం కష్టం. కుర్రవాడే, తొందర లేని మనిషి. ఛాసిస్ నంబర్ సరిచూశాడు, కప్పు మీద వేళ్ళతో కొట్టి విన్నాడు, లోపల కూర్చుని పైకి చూశాడు.

"వెల్డింగ్ నీట్‌గుంది. ఎవరు చేసిన్రు?"

"అన్వర్ భాయ్ సార్."

"కోసిందెవరు?"

"ఎవరో తెల్వదు సార్."

"స్టేషన్ కాగితంల మీ పేరే ఉంది."

"అయితే నేనే సార్."

అతను తల వంచుకుని నవ్వుతూ సంతకం పెట్టాడు. సాయంత్రం ఆ కాగితం తీసుకెళ్ళి స్టేషన్‌లో ఆర్‌సీ తీసుకున్నాను. ఎస్సై మేడమ్ కాగితం మొత్తం చదివి, "అవ్వ మరి ఎట్ల పోతది?" అని అడిగింది. నడిచి అన్నాను. ఆమె ముఖం చూసి, ఆ ప్రశ్న నిన్నటి నుంచీ ఆమె మనసులో ఉందని నాకనిపించింది.

ఆదివారం బండిని మెయిన్ రోడ్డు పక్కన ఆపి, గల్లీలోకి నేనూ వెళ్ళాను. సత్తెమ్మ నెత్తి మీద బోనం, ఒకవైపు కోడలు, ఒకవైపు యాదగిరి భార్య. వాళ్ళు పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది. నేను వెనక నడిచాను. డప్పులు గట్టిగా మోగుతున్నా ఆమె అడుగు తడబడలేదు. గుడి మెట్ల దగ్గర మాత్రం ఒక్కసారి ఆగి, చెయ్యి వెనక్కి చాపింది. నేను పట్టుకున్నాను. బోనం అమ్మవారి ముందు దించేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

తిరుగు దారిలో ఆమె వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మెట్టుగూడ దాటేసరికి వాన దంచికొట్టింది. కప్పు మీద చినుకుల చప్పుడు తప్ప లోపల ఒక్క చుక్క లేదు. ఇంటికి వచ్చేసరికి నిద్రపోయింది. నేను ఇంజను ఆపి, వాన తగ్గేదాకా లేపలేదు.

నా పనికి కోపగించుకోవాల్సిన వాళ్ళంతా నా పని చక్కబెట్టారు. తడిసిన బూట్లతో కాగితం చదివిన కానిస్టేబుల్, టీ చల్లారబెట్టుకుని విడమరిచిన మేడమ్, వానపూట రంగు ఆరబెట్టిన అన్వర్, యాదగిరి, సంతకం పెట్టిన కుర్ర ఇన్‌స్పెక్టర్. వీళ్ళలో ఒక్కరు రేపు రమ్మన్నా ఆ గల్లీలో సత్తెమ్మ నడిచేది కాదు. అందరికీ దండం పెడుతున్నాను. ఇందులో వాళ్ళను ఎగతాళి చేసినందుకు మాత్రం క్షమాపణ అడగను, అది వేరే లెక్క.

మీ బండి ఇలా పట్టుబడితే ఒక్క మాట గుర్తుంచుకోండి: షెడ్డులో పని మొదలుపెట్టించే ముందు ఆర్‌సీ జిరాక్స్‌లో ఉన్న రంగు, సీట్ల సంఖ్య, ఛాసిస్ నంబర్ మెకానిక్‌కు చూపించండి. ఇన్‌స్పెక్టర్ సరిచూసేది వాటినే. ఛాసిస్ నంబర్ మీద పుట్టీ పూయనివ్వకండి.