ఎద్దుబండికి కచేరీ

కామారెడ్డిలో ఆ ముగ్గురి రాక్ బ్యాండుకు సౌండ్ నేనే చూసేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని రోజులవి. ఒకాయనది లీడ్ గిటారు, ఒకాయనది బేస్ గిటారు, మూడో ఆయన కీబోర్డు వాయిస్తూ పాడేవాడు. ముగ్గురికీ అరవై దగ్గరపడ్డాయి. వెనకాల డ్రమ్స్ మీద నాలుగో ఆయన ఉండేవాడు గానీ పోస్టర్ మీద ముగ్గురి ఫొటోలే పడేవి. పాట మధ్యలో వేగం తగ్గిస్తాడని ఆయన్ని ఎద్దుబండి అనేవాళ్లు. స్టేజి మీద, మైకులోనే. జనం నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, ఆయన గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ ఆయన సొంతూరు ఎల్లారెడ్డిలో చేశారు. ఆయన తమ్ముడు పెళ్లిళ్ల బ్యాండు మేళంలో డ్రమ్ము కొట్టేవాడు. ముగ్గురికీ అన్నం వడ్డించి, అన్న జాగాలో తనను పెట్టుకొమ్మని అడిగాడు. లేదంటే దుబాయి పోవాల్సిందేనన్నాడు. గిటారాయన చేయి కడుక్కుంటూ జవాబిచ్చాడు.

"బరాత్‌ల కొట్టుడు వేరు తమ్మీ, స్టేజి వేరు. ఇన్నేండ్లల్ల మీ అన్నకే రాలే, నీకేం వస్తది?"

చనిపోయినాయన భార్య కూర గిన్నె పట్టుకుని పక్కనే ఉంది.

తర్వాత ఆ ముగ్గురే ఎల్లారెడ్డిలో ఫంక్షన్ హాలు మాట్లాడి సంస్మరణ కచేరీ పెట్టారు. డ్రమ్స్ స్టేజి మీద ఉంటాయి, వాటి వెనక స్టూలు మీద దండేసిన ఫొటో ఉంటుంది, ఆయన వాయించిందే నా లాప్‌టాప్ నుంచి వస్తుంది. ఇది కుదిరితే ఇక డ్రమ్మరే అక్కర్లేదని కీబోర్డాయన సంబరపడ్డాడు.

బతికున్నప్పుడు, ప్రోగ్రాం ఉన్న రోజు డ్రమ్స్ ఆయన అందరికన్నా ముందు వచ్చేవాడు. నేను కిక్, స్నేర్, సింబల్స్ అంటూ ఒక్కో డ్రమ్ము మైకూ సరిచూస్తుంటే ఒక్కడే పాటలన్నీ వాయించేవాడు. ఆ రికార్డింగులు నా దగ్గరున్నాయి. వాటిని ప్రోగ్రాం రికార్డింగుల పక్కన పెట్టి కొలిచాను. ఒంటరిగా వాయించినప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగం. ప్రోగ్రాంలో మాత్రం తగ్గుతుంది, ఎప్పుడూ అవే చోట్ల: గిటారు సోలో, బేస్ గబగబా పరుగెత్తే చోటు, గాయకుడు ఊపిరి తీసుకునే చోటు. వేగం తగ్గింది ఆయనకు కాదు, వీళ్లకు. కొలతలు చూపించి, ఒంటరిగా వాయించిన ఈ రికార్డింగులో ఆయన ఎవరి కోసమూ ఆగడని చెప్పాను. వైర్లు చూసుకొమ్మన్నాడు బేస్ ఆయన.

కచేరీ నాడు హాలు నిండింది. నా మిక్సర్ ముందు వరస పక్కనే ఉంది. అక్కడ వదినా మరిదీ కూర్చున్నారు. మెల్లగా సాగే మొదటి పాట గట్టెక్కింది. రెండోదానిలో సోలో రాగానే గిటారాయన వేళ్లు వెనకబడ్డాయి. అలవాటుగా మెడ వెనక్కి తిప్పాడు. అలా తిప్పితే ఇన్నేళ్లూ డ్రమ్ము నెమ్మదించేది. అక్కడ ఫొటో ఉంది. డ్రమ్ము సాగిపోయింది. బేస్ ఆయన తప్పిపోయాడు, గాయకుడు ఒక చరణం వెనక ఉన్నాడు.

"ఎద్దుబండి ముందుకు పోయింది, ఎద్దులు ఎన్కనే ఉన్నయ్," అన్నారెవరో చివరి వరసలోంచి.

హాలంతా నవ్వింది. ఆపమని గిటారాయన సైగ చేస్తే ఆపాను. కీబోర్డాయన మైకులో తమ్ముణ్ణి పిలిచాడు, మీ అన్న కోసం వచ్చి వాయించు తమ్మీ అని. తమ్ముడు వదిన వైపు చూశాడు.

"పో," అందామె మెల్లగా. "మీ అన్న లెక్క ఆగకు."

అతను స్టూలు మీది ఫొటో తీసి, గిటారాయనకు ఎదురుగా ఆంప్లిఫయర్ మీద పెట్టి కూర్చున్నాడు. అన్న ఒంటరిగా వాయించిన వేగమే. సోలో దగ్గర గిటారాయన మెడ తిప్పాడు. అతను చూశాడు, తలూపాడు, నెమ్మదించలేదు. రెండోసారి తిప్పినప్పుడు నవ్వాడు. ముందు గిటారు ఆగింది, తర్వాత బేస్, చివరికి పాట. అతనొక్కడే చివరి దాకా కొట్టాడు. జనం ఈలలేశారు.

వైర్లు చుడుతుంటే వెనక గదిలో మాటలు వినబడ్డాయి.

"జర ఆగితే నీదేం పోతుండె?" గిటారాయన గొంతు.

"మా అన్న ఆగిండు గదా. ఏం పేరు పెట్టిన్రు?"

అతని వదిన స్టేజి మీదికొచ్చి ఫొటో తీసుకుని, కొంగుతో తుడిచి, వెనక గదిలోకి పోయి గిటారాయన ముందు నిలబడింది. "ఈసారి పోస్టర్ మీద నలుగురి ఫొటోలు ఎయ్యిన్రి అన్నా," అంది.

మళ్లీ పోస్టర్ పడలేదు. ఆ ముగ్గురినీ ఎవరూ పిలవలేదు. అన్న జాగా ఇచ్చే బ్యాండే లేకపోవడంతో దసరా దాటగానే తమ్ముడు దుబాయి పోయాడు.