రిపేరు హాలు మీద అక్క వేసిన లెక్క

మా అక్కతో బజారుకి వెళ్లడమంత శిక్ష ఇంకోటి లేదు. చెప్పులు కొందామంటే, "ఇవి కొనకపోతే ఆ డబ్బుతో ఏం చేస్తాం?" అంటుంది. సినిమాకి పోదామంటే, "పోకపోతే ఆ మూడు గంటలు ఏం చేస్తాం?" అంటుంది. పనిచేసే చోట కూడా ఇదే వరస. అందుకే వెనకాల అందరూ ఆవిడని 'లేకపోతే మేడం' అంటారు. ఆ సంగతి తనకీ తెలుసు, నవ్వి ఊరుకుంటుంది.

తను మా పెదనాన్న కూతురు. పెదనాన్నా, పెద్దమ్మా పోయాక మా ఇంట్లోనే, నాతోపాటే పెరిగింది. అర్థశాస్త్రం చదివి, మా నాన్న పనిచేసే కుర్చీల ఫ్యాక్టరీలోనే ఉద్యోగంలో చేరింది. ఏ పని మొదలుపెడితే కలిసొస్తుందో, ఏది ఆపితే నష్టమో, యజమాని నిర్ణయం తీసుకునేలోపు లెక్క వేసి చెప్పడం ఆవిడ పని. దీనికి జీతం కూడా ఇస్తారా అని మా అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

నాన్న అక్కడ రిపేరు హాలుకి పెద్ద. జనం విరిగిన కుర్చీలు తెచ్చిస్తే బాగుచేసి పంపే చోటు అది. మా నాన్నకి ఒక జబ్బుంది, ఏదీ పారెయ్యడు. విరిగిన కాళ్లు, ఊడిన చేతులు, పగిలిన వీపుచెక్కలు అన్నీ ఎప్పటికైనా పనికొస్తాయని గోడ పొడవునా పేర్చేవాడు. పేర్చి పేర్చి పక్క గది కూడా ఆక్రమించాడు. ఫ్యాక్టరీ అద్దె, కరెంటు ఖర్చు ఎవరు ఎంత చోటు వాడుకుంటే వాళ్ల మీద అంత వెయ్యడం అక్కడి పద్ధతి. అంటే ఆ చెక్కముక్కలు కూడా అద్దె కడుతున్నట్టే. దాంతో ఏ ఏడు చూసినా రిపేరు హాలు నష్టంలోనే కనిపించేది.

చివరికి యజమానికి విసుగొచ్చింది. హాలు మూసేద్దామనుకుంటున్నాను, ఒకసారి చూసి చెప్పమని అక్కకి అప్పగించాడు. ఆ వారమంతా నాన్నకి ముద్ద దిగలేదు.

అక్క చూసింది. హాలు మూసినంత మాత్రాన అద్దె తగ్గదనీ, అది వెళ్లి రంగులేసే విభాగం నెత్తిన పడుతుందనీ, అప్పుడు ఆ విభాగం నష్టంలో కనిపిస్తుందనీ తేల్చింది. రిపేరు పని తన ఖర్చులు తాను సంపాదించుకుని, పైన అంతో ఇంతో మిగులుస్తోంది. యజమాని సరేనన్నాడు. నాన్న ఆ సాయంత్రం వీధిలో ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, మా పిల్ల లెక్క వేస్తే అలా ఉంటుందని చెప్పుకున్నాడు.

అక్క అక్కడితో ఆగితే గొడవే లేదు. కానీ ఆవిడకి తన పాత ప్రశ్న ఉండనే ఉంది: ఆ హాల్లో రిపేరు లేకపోతే ఏం చేసేవాళ్లం? బడులకి బెంచీలు కావాలని వచ్చేవాళ్లని చోటు లేదని తిప్పి పంపేస్తున్నారు. అదే హాల్లో బెంచీలు చేస్తే, రిపేరు మిగిల్చేదానికి ఎన్నో రెట్లు వస్తుంది.

ఈ మాట యజమానికి చెప్పేముందు నాన్నకి చెప్పింది. వంటింట్లో, అమ్మా నేనూ ఉండగానే.

"ఇది నిన్నెవరూ అడగలేదు కదమ్మా," అన్నాడు నాన్న.

"అడగలేదు బాబాయ్."

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. కానీ నాకు తెలుసు కదా."

నాన్న భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని మొహం మీదే అనేశాను. అక్క గిన్నెలన్నీ తనే కడిగి, గదిలోకి పోయి తలుపేసుకుంది.

మర్నాడు యజమానికి చెప్పేసింది. ఆ హాలు పెద్ద తన బాబాయేననీ, అది మూతపడటం తనకి ఇష్టం లేదనీ, లెక్క మాత్రం ఇదేననీ చెప్పింది. పనివాళ్లెవరినీ తీసెయ్యకుండా బెంచీల పనికి మార్చమని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు.

నాన్నకీ అక్కడ పనిచ్చారు. కానీ అన్నీ ఒకే కొలత, ఒకే తీరు. ఏది ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చూసే పనే లేదు. కొన్నాళ్లు ఓపిక పట్టి తనే మానేశాడు. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ తిరగేసి, బిగించిన మరలే మళ్లీ బిగిస్తూ కూర్చునేవాడు. అక్కతో మాటల్లేవు. ఆవిడ ఎదురుగా ఉన్నా, ఉప్పు అందించమని అమ్మతోనే చెప్పించేవాడు. ఒకే కప్పు కింద అలా నెలలు గడిచాయి. చూడలేక నా కోపం కూడా చప్పబడిపోయింది.

ఒకరోజు అక్క ఆఫీసు నుంచి వచ్చి ఇంకా సంచీ కింద పెట్టలేదు, నాన్న పిలిచాడు.

"ముందు గదిలో రిపేరు కొట్టు పెడదామనుకుంటున్నా. లెక్క వేసి చెప్పు. మొహమాటపడకు."

అక్క ఎదురుగా కూర్చుంది. ఎవరొస్తారు, పనిముట్లు ఏమున్నాయి, నెలకి ఎన్ని కుర్చీలు చెయ్యగలడు అని ఒక్కొక్కటే అడిగింది. ఆ తర్వాత, కొట్టు పెట్టకపోతే ఆ గదిలో ఏం చేస్తామంది. ఏముంది, ఆ పాత మంచం పడుంటుందని అమ్మ చెప్పింది.

"మరి నువ్వేం చేస్తావు బాబాయ్?"

"చేసేదేముంది, ఇలాగే కూర్చుంటా."

"ఫ్యాక్టరీలో అయితే ఆ చోటు కోసం ఇంకో పని కాచుక్కూర్చుంది. ఇక్కడ నువ్వు దేన్నీ వదులుకోనక్కర్లేదు. పెట్టు. పెద్దగా మిగలదు గానీ, నిలబడుతుంది."

నాన్న ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

"నన్ను చూసి జాలిపడి చెప్పట్లేదు కదా?"

"జాలిపడేదాన్నయితే ఆ రోజే పడేదాన్ని కదా బాబాయ్."

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ముందు గదిలోకి వెళ్లి, మంచం ఒక వైపు ఎత్తి పట్టుకుని, రెండో వైపు పట్టమని అక్కని పిలిచాడు.