తార్నాకలో అరటి పిలకలు

తార్నాకలో యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. కోతకాల పండుగకు మా చర్చి సంఘంలో ఇంటికొకటి పంచాలని, అన్న తోటలోంచి అరటి పిలకలను మట్టితో సహా గోనెసంచిలో తెచ్చాను.

మెడలో యూనివర్సిటీ కార్డు ఉన్న ఒకామె సంచిలోకి తొంగి చూసింది.

"తల్లిచెట్ల ఆకులు పండుబారి వేలాడినయా సార్?"

"కొన్నిటికి. ఎండకు. ఇవి మా సంఘంలో ఇంటింటికీ పంచడానికి."

అడగకుండానే ఒక పిలక లాగి, చిన్న కత్తితో దుంపను అడ్డంగా కోసింది. లోపల ఎర్రటి గోధుమరంగు చారలు.

"ఎండ గాదు, తెగులు. మట్టిలకెళ్లి వస్తది. ఇవి పంచకుండ్రి."

"దేవునికి మొక్కిన కానుకమ్మా. కొయ్యడానికి నువ్వెవరు?"

"నా పనే గిది. ఉగాండాల అరటే అన్నం. అక్కడి సైంటిస్టులూ మేమూ కలిసి ఈ తెగులుకు తట్టుకునే రకం కోసం ఏండ్లుగా కష్టపడుతున్నం. మీరు సంచిల పెట్టి ఇంటింటికి ఇస్తున్నరు."

"దేవుడు చేసినదాన్ని దిద్దుతారా? అంత గర్వమా?"

"గట్లయితే పంచుండ్రి. మీ సంఘమోళ్ల చెట్లన్నీ ఎండినంక గాయన్నే అడుగుండ్రి."

"అరటికి గూడ లొల్లేనా?" అని వెనక ఎవరో నవ్వారు. ఆమె బస్సు వచ్చింది. వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పిలకలన్నీ మందిరం వెనక తగలబెట్టాను. కానుకను కాల్చావేమని పాస్టరుగారు మందలించారు.

ఇప్పటికీ ప్రార్థనలో ఆమె పనిని దీవించమని అడుగుతాను. ఆమెను దీవించమనడానికి మాత్రం నోరు రాదు.