పొయ్యి గొంతు

మా ఇంటికి పొగ రాని పొయ్యి వస్తుందన్న కబురు మొదట తెచ్చింది మా చిన్నమ్మ. తార్నాకలో యూనివర్సిటీ గోడ వెనక మాది రేకుల ఇల్లు. చిన్నమ్మ లోపల ఆడపిల్లల హాస్టల్ ఊడ్చేది. ఒకరోజు పని కాగానే పరుగున వచ్చి, "అక్కా, గీ పొగల సచ్చుడు బందయితది నీకు! ఇంజనీరింగు చదివే పిల్ల పొయ్యి కట్టిస్తదట, దానికి గొట్టం గూడ పెడ్తదట" అంది.

అమ్మకు దగ్గు. పొగ తగలకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి నాన్న ఆమెను ఊరికి, అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానంటున్నాడు. నేను బడికి పోలేదు. అమ్మ చదివిన నాలుగు తరగతులే నా బడి. అన్నం ఉడికేలోపు బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించేది. ఆమె వెళ్లిపోతే నాకెవరున్నారు? ఆ పొయ్యి కుదరాలని రోజూ దేవుడికి మొక్కుకున్నాను.

ఆ చదువుకునే అక్కది గోదావరి వైపు. పొయ్యి కట్టించి, గొట్టం మొదట్లో సన్నటి సందు ఉంచి, అందులో అటూ ఇటూ జరిగే రేకు పెట్టింది. "ముందు రెండు ఎండుటాకులు కాల్చి గొట్టాన్ని వేడి చెయ్యండి అమ్మగారూ. చల్లగా ఉంటే పొగ వెనక్కి తిరుగుద్ది. మరీ కాలిపోతుంటే రేకు కాస్త మూయండి, లేకపోతే మీ వేడంతా ఆకాశానికే పోద్ది."

"గారు గీరు వద్దు బిడ్డా, అమ్మా అను చాలు" అంది అమ్మ.

నాలుగైదు రోజుల్లో అమ్మకు చేయి కుదిరింది. తడివేళ్లు గొట్టం మీద విదిలించేది. చుయ్యిమంటే రేకు లోపలికి నెట్టేది, చప్పుడు లేకపోతే లాగేది. దగ్గు తగ్గింది.

శుక్రవారం వచ్చింది. అమ్మ తెల్లవారుజామునే పొయ్యి అలికి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. పొద్దున ముట్టించగానే ఇల్లంతా పొగ. అమ్మ దగ్గి దగ్గి గడప మీద కూలబడింది.

"చాలు ఇగ! రేపే బస్సెక్కిస్త" అన్నాడు నాన్న.

చిన్నమ్మ పరుగెత్తి ఆ అక్కను పిలుచుకొచ్చింది. ఆమె గొట్టం తడిమి చూసి పకపకా నవ్వింది. రేకు మూసి ఉండగానే సందులో మట్టి మెత్తి, నున్నగా అలికేసింది అమ్మ. "పొయ్యి గొంతు నొక్కేశావమ్మా!"

"శుక్రారం పూట పొయ్యికి సందు కనవడితే అలికినట్లయితదా?" అంది అమ్మ, దగ్గుల మధ్య తనూ నవ్వుతూ.

చెంచాతో మట్టి గీకి రేకు లాగింది అక్క. పొగ పైకి పోయింది. నాన్న మర్నాడు బస్సు మాట ఎత్తలేదు. అప్పటి నుంచి అమ్మ రేకు బయటికి తీసి, దానికి విడిగా బొట్టు పెట్టి, ఆ తర్వాతే అలికేది.

ఆ పొయ్యి దగ్గరే గుణింతాలు దాటాను. స్తోత్రాలు చదవడం నేర్చాను. ఇప్పుడు అమ్మ లేదు. నేను తప్పుగా దిద్దితే "మళ్ల రాయి" అనే ఆ గొంతు కోసం, గొట్టం వెనక వెచ్చటి గోడ కోసం ప్రాణం కొట్టుకుంటుంది. అమ్మతో నాకు దొరికిన ఏళ్లన్నీ ఒకరి చలవే. చదువు ముగించుకుని ఆ అక్క ఎటు వెళ్లిందో తెలియదు. ఇది చదివినవారు దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.