ఏడాది ముచ్చట్లలో ఉల్ఫార్

మా లోయలో చదువు చెప్పే పంతులు ఇల్లిల్లూ తిరిగేవాడు. ఆయన మా ఇంట్లో ఉన్న నాలుగు చలికాలాలే నా చదువు. ఆ చదువుతోనే మహిళా సంఘాన్ని పదేళ్లు నడిపాను. గొర్రెల పోటీల్లో మొదటి బహుమతులు తెచ్చాను. ఇక్కడ ట్రాక్టరు ఎక్కిన మొదటి ఆడదాన్నీ నేనే. ఇవన్నీ ఒక ఎత్తు, పెళ్లయిన ఏడాది నుంచి నేటిదాకా రోజూ ఒక పేజీ రాయడం ఒక ఎత్తు.

రాసేది పెద్ద విషయాలేం కాదు. గాలి ఎటు వీచింది, ఏ గొర్రె ఈనింది, ఎవరేమన్నారు. రాయాలి కాబట్టి చూడడం అలవాటైంది. చూడడం అలవాటయ్యాక విసుగన్నది నా దరికి రాలేదు. కోపం వచ్చిన రోజున సగం పేజీకే అది చల్లారి, మిగతా సగంలో నవ్వు వచ్చేది. మా ఆయన పోయాక కూడా నాకు పొద్దుపోని రోజు లేదు.

ఏటా నడి చలికాలంలో వచ్చే థోర్రి నెల విందులో ఆ ఏడాది ముచ్చట్లు రాసి చదవడం మా ఆనవాయితీ. ప్రతి ఇంటివాళ్లనూ ఎత్తిపొడవాలి. దానికెవరికీ కోపం రాదు, పేరే రాకపోతే వస్తుంది. ఒకసారి తన పేరు మరచిపోయినందుకు మా లోయలోని థోరా రెండేళ్లు విందుకే రాలేదు.

ఈసారి రాసే పని నాకిచ్చారు. విందు రోజున అందరూ కాల్చిన గొర్రె తలల మీద పడి ఉండగా, సంఘం పెద్ద ఆల్దిస్ నా కాగితాలు తిరగేసింది.

"పెద్దమ్మా, ఉల్ఫార్ ఏడీ?"

"అదిగో, మూల బల్ల దగ్గర."

"అక్కడ కాదు, నీ కాగితాల్లో!"

ఆయన్ని మరచేపోయాను. ఉల్ఫార్ నా కంచె అవతలి మనిషి. మాట పలకడు.

"వాళ్లన్న పోయాక ఈ రోజే బయటికొచ్చాడు. పేరు రాలేదో, ఇంకెప్పుడూ రాడు" అంది ఆల్దిస్.

"ఏడాదంతా ఏం చేశాడని రాయనే?"

"నాకేం తెలుసు? సొరచేప పళ్లెం ఖాళీ అయ్యేలోపు రాసెయ్."

పులిసిన సొరచేప కదా, ఆ ఘాటు వాసనకి అంత త్వరగా అవదులే అనుకున్నాను. పళ్లెం ముందు మా లోయ తిండిపోతు గిస్లీ కూర్చున్నాడని చూసుకోలేదు.

రోజూ రాసే చేతికి ఒక గుణం ఉంది. తల ఖాళీగా ఉన్నా మొదటి మాట అదే పెట్టేస్తుంది. నా పేజీలన్నిటిలాగే 'గాలి' అని మొదలుపెట్టాను. ఇక చెయ్యి ఆగలేదు. పళ్లెం ఖాళీ అయింది. లేచి చదివాను. ఉల్ఫార్‌ను చివర్లో ఉంచాను.

"గాలికి ఉల్ఫార్ టోపీ ఎగిరి నా వైపు పడింది. అడగాలంటే నోరు విప్పాలి కదా, ఆయన రాలేదు. నేను దాన్ని గుంజకు పెట్టి, పాత కోటు తొడిగాను. ఆ రోజు నుంచి గొర్రెలు కంచె దాటలేదు. ఉల్ఫార్ నిలబడితే దాటుతాయి. పొగమంచు పట్టిన ఒక పొద్దున పాస్టరు గారు కారు ఆపి, చర్చి కప్పు మరమ్మతు గురించి ఆ గుంజతో చాలాసేపు మాట్లాడి, 'ఉల్ఫార్ దేనికీ కాదనలేదు' అని ఊరంతా చెప్పారు!"

అందరూ బల్లలు చరిచి నవ్వారు, అందరికంటే గట్టిగా పాస్టరు గారే. ఉల్ఫార్ ముఖం మాత్రం కదలలేదు. మెల్లగా లేచాడు.

"అక్కా, ఆ కోటు ఎవరిది?"

"మా ఆయనది."

"అనుకున్నా. నేనంత పొట్టిగా ఉండను."

ఈసారి నవ్వు ఆపుకోలేక ఎవరూ కుర్చీల్లో నిలవలేదు. ఆయన పాస్టరు గారి వైపు తిరిగాడు. "కప్పు పనికి వస్తాను. ఇప్పుడు చెప్పేది గుంజ కాదు, నేనే."

తన పళ్లెం పట్టుకొని వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. గిస్లీకి అది నచ్చలేదు.

"ఏం హెర్దిస్, ఆయన గురించి అంత రాసి, నా గురించి రెండే ముక్కలా? నేనేం పాపం చేశాను?"

"నీ సంగతులన్నీ నువ్వే చెప్పేసుకుంటావు. నాకేం మిగిల్చావురా రాయడానికి?"